మూడో ప్రకటన కింద రెండు ఖాళీ వరసలు

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్
7 ఫిబ్రవరి 1966, సోమవారం

నేను ఉద్యోగం మానేస్తున్నానని నాకే తెలీకుండా మా కాలేజీ వార్తల షీటులో వేయించింది నువ్వే, పెదనాన్నా.

వందనాలు తర్వాత పెడతాను. ముందు ఇది తేలాలి.

జరిగింది విను. మామ్మకి జొరం వచ్చి గురు, శుక్ర, శనివారాలు నేను పనికి పోలేదు. ఇవాళ పొద్దున్న నేను నాన్న పాత సైకిలు తొక్కుకుంటూ కాలేజీ ప్రేమ్ బజార్ గేటు కాడికి వచ్చేసరికి దర్వాను నూకయ్య నవ్వుతూ అడ్డం నిలబడ్డాడు. "ఏటి సూసన్నమ్మా, ఒక్కదానివే తినేస్తావా, మాకు మిఠాయి లేదేటి?" అన్నాడు. ఏం మిఠాయి అన్నాను. "సిగ్గు సూడు!" అన్నాడు. క్యాంటీను దీదీ నా చెయ్యి పట్టుకుని గాజులు ఎప్పుడు వేయించుకుంటావని అడిగింది. లోపలికి పోయేసరికి నా మిషను ముందు నా స్టూలు మీద ఎవరో బి.ఏ. చదివినాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టి, "మీరు వెళ్ళిపోతున్నారట కదా, ఈ రోలరు ఎటు తిప్పాలి?" అని అడిగినాడు.

అప్పుడు చూసినాను శనివారం షీటు.

ఆ షీటు నీకు తెలుసు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నిన్ను మా గదికి తీసుకుపోయి చూపించినాను. వారానికి రెండు పేజీలు. ఎవరికి బదిలీ అయింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఏ ప్రొఫెసరుగారు ఏ దేశం నుంచి తిరిగొచ్చినారు, సైకిల్ స్టాండు ఎటు మారింది, స్టాఫ్ క్లబ్బు నాటకం ఏ రోజు. బయట గోడకి చెక్కపెట్టె ఉంటుంది. ఎవరి విశేషం వాళ్ళు కాగితం మీద రాసి సంతకం పెట్టి అందులో వేస్తారు, దూరం వాళ్ళు పోస్టులో పంపుతారు. నేను స్టెన్సిల్ కొట్టి, నాలుగువందల కాపీలు తీసి పంచుతాను. రెండేళ్ళ నుంచి అదే నా పని. పోయిన వారం నేను లేను గనక మా ఆఫీసు పెద్దబాబు, హల్దార్‌బాబు, రెండు వేళ్ళతో కొట్టుకున్నాడు.

ఇలా ఉంది అందులో. సివిల్ విభాగం ఘోష్ గారికి ఆడపిల్ల. స్నాతకోత్సవం రిహార్సలు పదిహేనో తారీకు సాయంత్రం నాలుగింటికి. ఉద్యోగుల కుళాయి నీళ్ళ వేళలు మారినాయి. లైబ్రరీ మెట్ల మీద నల్ల గొడుగు ఒకటి దొరికింది, సొంతదారు వచ్చి తీసుకోవాలి. దాని కింద: "కాపీ విభాగంలో పనిచేయు కుమారి సూసన్న వివాహ నిమిత్తం మార్చి 31తో ఉద్యోగం విడుచుచున్నారు."

దొరికిన గొడుగు కింద, పోయిన నేను.

ఎవరు ఇచ్చినారని హల్దార్‌బాబుని అడిగినాను. ఆయన చెడ్డవాడు కాదు, అరవడు కూడా. వాడేసిన కాగితాలు గుచ్చే ఊచ చూపించినాడు. వెతికి లాగినాను. ఇంగ్లీషులో రాసుంది. వెనక తిప్పితే తెలుగు. "కోత పండుగ కానుకలు: గుమ్మడికాయలు ఆరు, కోడిపుంజు ఒకటి, ఎలీసమ్మ." మా పెద్దమ్మ కోడిపుంజు ఖరగ్‌పూర్ దాకా వచ్చి నిన్ను పట్టించింది పెదనాన్నా. కింద సంతకం "సంరక్షకుడు, బి. జ్ఞానరత్నం". పైన మూల సున్నా చుట్టి అందులో "1" అని వేసినావు. ఆ ఒకటి ఏటి? నాకు కోపం ఎంత ఉందో, అదేంటో తెలుసుకోవాలని కూడా అంతే ఉంది.

నేను మానడం లేదు అని హల్దార్‌బాబుకి చెప్పినాను. ఆయన ఫైలు తీసినాడు. నాకింకా ఇరవయ్యే కదా, ఇరవై ఒకటి నిండేదాకా ఈ ఆఫీసుకి సంరక్షకుడి మాటే లెక్క. నాన్న లేడు గనక దరఖాస్తులో సంరక్షకుడి చోట నీ సంతకమే ఉంది. "మనిషి మాట రేపటికి మారుతుంది సూసన్నా, కాగితం మారదు. ఇచ్చినాయన వెనక్కి తీసుకోవాలి" అన్నాడు. నీకు తెలియందేమీ కాదు: ఏప్రిల్ ఒకటి నుంచి నా పోస్టు పర్మినెంటు చేస్తున్నారు. పేర్ల జాబితా ఈ నెల 28న పైకి పోతుంది. అందులో నా పేరు ఉండాల్సిన చోట ఆ బి.ఏ. గారిది ఉంటుంది. టైపు నేను ఎక్కడ నేర్చుకున్నానో నీకు తెలుసు. చర్చి ఆఫీసులో "ర" అక్షరం విరిగిపోయిన మిషను మీద, ఎవరూ నేర్పకుండా.

ఎందుకు చేసినావు? ఎవరు చేయమన్నారు? ఒకటి అంటే ఏటి? మూడిటికీ జవాబు రాయి.

మామ్మకి జొరం తగ్గింది. నీ గురించి చెప్పలేదు. నీ తల్లి కదా, బాధపడుతుందని.

వందనాలు.

సూసన్న

*

పలాస
11-2-1966

ప్రియమైన సూసన్నకు, ప్రభువు కాపుదలలో మేమందరమూ కులాసాగా ఉన్నామని నీ పెదనాన్న వ్రాయునది. అమ్మకు జ్వరము తగ్గినందుకు స్తోత్రము చెప్పుకొంటిమి. వేడినీళ్ళే త్రాగించుము.

నీ ఉత్తరము చదివి మీ పెద్దమ్మ కళ్ళజోడు తీసి మరల పెట్టుకొని, "ఇది మన సూసీ రాసిందేనా?" అన్నది. మీ నాన్న కూడ ఇంతే. ఏలియాకు కోపము వచ్చిన రోజున ఇంజను కూత కన్న ముందు వాడి కూత వినబడేది.

నీ కోపమునకు కారణము నాకు అర్థమైనది. అబ్బాయి ఎత్తు తక్కువ అని ఎవరో నీకు చేరవేసి ఉందురు. అది అబద్ధము. రిచర్డ్ హైస్కూలులో డ్రిల్లు మాస్టారు. డ్రిల్లు మాస్టారు పొట్టిగా ఉండునా? నేను స్వయముగా ప్రక్కన నిలబడి చూచితిని, నా చెవి దాటి ఉన్నాడు. ఫోటో ఇందులో పెట్టితిని. అందులో కుర్చీ ఎత్తుగా ఉన్నందున అట్లు కనబడును. సువార్త కూటములలో మృదంగము వాయించును. పొగ త్రాగడు. వాళ్ళ అమ్మగారు కొంచెము పట్టుదల మనిషి, కాని చేతి వంట మంచిది.

అవును, ఆ కాగితము పంపినది నేనే. దాచవలసిన పని ఏమున్నది? ప్రకటన చేసినంత మాత్రమున పని తేలిపోయినట్లు కాదు కదా. నీవు ఇంత కంగారు పడుట నాకు ఆశ్చర్యముగా ఉన్నది. అంకె సంగతి అడిగితివి. మొదటిది గనుక ఒకటి.

జీడిపప్పు మీ పెద్దమ్మ వేయించి డబ్బాలో పెట్టినది. మద్రాసు మెయిలులో గార్డు గణపతిరావు గారి చేతికి ఇచ్చితిని. స్టేషనుకు పోయి తీసుకొనుము. ఆ పెద్దబాబుకు కొంచెము పెట్టుము. స్నాతకోత్సవమునకు ఎవరు వచ్చుచున్నారు? ఆ వార్తల షీట్లు నాకు పంపుట మానకుము. అవి చదువుట నాకు మిక్కిలి ఇష్టము. ఆ గొడుగు ఎవరిదో తెలిసినదా?

నీ క్షేమము కోరు
పెదనాన్న

*

ట్రాఫిక్, ఖరగ్‌పూర్
14 ఫిబ్రవరి, సోమవారం

మొదటిది గనుక ఒకటి!

ఆ ముక్క చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే నీ రెండోది నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. గురువారం పోస్టులో. అవే మాటలు, ఆ సంతకమే, మూల సున్నాలో "2". ఈసారి వెనక దొండకాయలు, ఎలీసమ్మే.

ఎన్ని ఉన్నాయి పెదనాన్నా? పది పంపుతావా?

గురువారం నేను పనిలో ఉన్నాను గనక దాన్ని నేనే కొట్టాలి. ఆ పని ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. మిషను మీద దాన్ని కొట్టేటప్పుడు రిబ్బను తీసేస్తాం. అక్షరం పడిన చోట చిల్లు పడుతుంది, అంతే. కొడుతుంటే ఏమీ కనపడదు. అయిపోయినాక కిటికీకి అడ్డం పెట్టి చూస్తే వెలుతురు లోంచి మాటలు తేలతాయి. నేను పోతున్నానని నా వేళ్ళతో నేనే కొట్టి, కిటికీ దగ్గర పట్టుకుని చదువుకున్నాను. నా పేరులోంచి మామిడిచెట్టు కనపడింది.

పక్కనే దిద్దే మందు సీసా ఉంది. గులాబీ రంగులో ఉంటుంది, గోళ్ళ రంగు లాగ. తప్పు పడిన అక్షరం మీద పూస్తే చిల్లు పూడిపోతుంది, ఆరినాక మళ్ళీ కొట్టుకోవచ్చు. మూత తీసినాను. గదిలో ఎవరూ లేరు. రెండు వరసలు, నాలుగు పూతలు. పూసేస్తే ఎవరికి తెలుస్తుంది?

పూయలేదు. నీ మీద గౌరవంతో కాదు. ఇచ్చిన కాగితం ఒకటి నేను మింగేస్తే, ఇంక ఈ షీటులో ఏది నమ్మాలి? రేపు "సూసన్నను పర్మినెంటు చేసినారు" అని వస్తే, అది కూడా నేనే కొట్టుకున్నానంటారు. మూత పెట్టేసినాను. నాలుగువందల కాపీలు తీసినాను. హాస్టళ్ళకీ, క్వార్టర్లకీ, విభాగాలకీ నేనే సైకిలు మీద పంచినాను. ఒక్కో గుమ్మంలో ఒక్కో శుభాకాంక్ష. లెక్కల విభాగం ముసలాయన "జీతే రహో బేటీ" అని దీవించి తల మీద చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి తోసెయ్యలేక, ఊరుకోలేక, పళ్ళు కొరుక్కుని ఠీక్ హై అన్నాను.

ఎత్తు! నేను ఎత్తు గురించి ఎక్కడ రాసినాను? నా ఉత్తరం ఇంకోసారి చదువు. రిచర్డ్ గారి మాట ఒక్కటి ఉందా అందులో? అసలు ఆయన ఒకడున్నాడని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. ఫోటో చూసినాను. మనిషి బాగానే ఉన్నాడు. కుర్చీయే బాలేదు. మామ్మ కూడా చూసింది. ఇంక దాచడం కుదర్లేదు, అంతా చెప్పేసినాను. ఫోటో దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "పిల్లడు నవ్వుదామనుకుని ఆపేసుకున్నాడు, ఎవులో ఎనకాల నిలబడి సూస్తన్నారు" అంది. మామ్మకి కంటిచూపు తగ్గిందని ఎవరన్నారో గాని.

నేను అడిగింది ఉద్యోగం గురించి. నువ్వు చెప్పింది మృదంగం గురించి.

అందుకే నాకు ఒక అనుమానం వచ్చింది, రాసేస్తున్నాను. నీ కొడుకు శామ్యూలు టైపు నేర్చుకుంటున్నాడని క్రిస్మస్‌లో నువ్వే చెప్పినావు. మా గదికి వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చుని రోలరు తిప్పి, "ఇది మగపిల్లడి పని లాగే ఉంది" అన్నావు. ఆ పెట్టెలో కాగితాలు ఎవరైనా వెయ్యొచ్చా, పోస్టులో పంపొచ్చా అని మూడుసార్లు అడిగినావు. అప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండిందో! మా పెదనాన్నకి నా పని మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. నన్ను లేపి శామ్యూలుని కూర్చోబెడదామనా?

కాకపోతే కాదని రాయి. అవునైతే అవునని రాయి. మృదంగాలొద్దు.

బి.ఏ. గారు రోజూ వస్తున్నాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించినాను. ఆయన తప్పేటుంది? స్నాతకోత్సవానికి ఎవరో పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారట, పందిరి వేస్తున్నారు, రిహార్సలు రేపే. ఆ రోజు కుళాయిలు బందు. గొడుగు ఎవరిదో ఇంకా తెలీదు. నీకు ఆ గొడుగు మీద ఉన్న శ్రద్ధ నా మీద ఉంటే బాగుండేది. ఈ శనివారం శివరాత్రి సెలవులు పడి షీటు లేదు. మళ్ళీ 26న. అదే జాబితాకి ముందు ఆఖరు షీటు.

జీడిపప్పు అందింది. హల్దార్‌బాబుకి పెట్టినాను. "మీ పెదనాన్న మంచివాడు" అన్నాడు.

వందనాలు.

సూసన్న

*

పలాస
17-2-1966

సూసన్నకు,

శామ్యూలు సంగతి నీవు వ్రాసినది మీ పెద్దమ్మకు చదివి వినిపించలేదు. ఆ ఒక్క ముక్క దాటించి చదివితిని. వాడు టైపు వదలి విశాఖపట్నము రేవులో ఫిట్టరు పనికి కుదిరి నెల అయినది. నీకు వ్రాయలేదు, నా తప్పే. నీ స్టూలు ఎవరికీ అక్కరలేదు తల్లీ. ఆ మాట వ్రాయుటకు నీ చెయ్యి ఎట్లు వచ్చెనో అని మధ్యాహ్నమంతా వరండాలో కూర్చుంటిని. పిదప నీ ఉత్తరము నీవు చెప్పినట్లు ఇంకొకసారి చదివితిని. నిజమే, ఎత్తు మాట అందులో లేదు. సమాధానము చెప్పవలసినచోట నేను ఫోటో పెట్టితిని.

ఇప్పుడు చెప్పెదను. ఇరవై ఏండ్లుగా నేను ఈ సంఘములో ఆదివారము ప్రకటనలు చదువువాడిని. పెండ్లి కుదిరినచో మూడు ఆదివారములు చదువుదుము. ఫలానా వారికిని ఫలానా వారికిని వివాహము జరుగనున్నది, ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలుపవలెను, ఇది మొదటి ప్రకటన. మరుసటి వారము రెండవది. ఆ పై వారము మూడవది. నీవు చిన్నప్పుడు నా ప్రక్కన కూర్చుని వ్రేళ్ళు లెక్కపెట్టేదానివి, మరచితివా? అందుకే కాగితము మీద అంకె వేసితిని. ప్రకటన అనగా అడుగుట అని నా లెక్క. ముమ్మారు అడిగి, ఎవరూ కాదననిచో అప్పుడు తేలును. మీ షీటులో ఒకసారి పడినదే చాలు, అది తేలిపోయినట్లే అని నాకెట్లు తెలియును? మీ పెట్టె చూచినప్పుడు ఇది కూడ మన ప్రకటన వంటిదే అనుకొంటిని.

ఎవరు చేయమన్నారని అడిగితివి. ఎవరూ కాదు. రిచర్డ్ తల్లిగారు కబురు పంపినారు, అమ్మాయి ఉద్యోగము మానినచో మాట్లాడుదుము, లేనిచో వద్దు అని. రిచర్డ్ ఆ మాట అన్నట్లు నేను వినలేదు. వాడిని అడుగనూ లేదు. ఆమెకు కాదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. సరే అనుటకు మనసు రాలేదు. అందుచేత ప్రకటించితిని. ఎవరైనా లేచి కాదందురేమో అని. మీ పెద్దబాబు అనవచ్చును, మీ ప్రొఫెసరులలో ఒకరు అనవచ్చును. నీవు అనవచ్చును.

నీకు తెలియని సంగతి ఒకటి. మీ చిట్టెమ్మ అత్త ఆసుపత్రిలో నర్సు పని చేసేది. పెండ్లి కుదిరినప్పుడు వాళ్ళూ ఇదే షరతు పెట్టినారు. అప్పుడు ప్రకటనలు పాస్టరుగారే చదివేవారు. నేను ముందు బల్ల మీద కూర్చుంటిని, అది ఆడవాళ్ళ వైపు నాలుగవ బల్ల మీద తల వంచుకొని కూర్చున్నది. మొదటిసారి చదివినారు. రెండవసారి చదివినారు. ఏడ్చినది, తుడుచుకొన్నది. ఆ శనివారము నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యా, రేపు మూడోది కదా" అని మాత్రము అన్నది. మరునాడు పాస్టరుగారు మూడవది చదివి ఆగినారు. చాలాసేపు ఆగినారు. పైకప్పు మీద పావురాల చప్పుడు వినిపించెను. నాకు మోకాళ్ళు లేచినవి, నోరు లేవలేదు.

రాయగడలో దాని ఇంటికి పోయినప్పుడు ఆ నర్సు తెల్ల జోళ్ళు చూచితివి కదా. ఇప్పటికిని ప్రతి శనివారము వాటికి సుద్ద పూయును. తొడుగుకొనదు.

నీవు కాదని అరచితివి. మొదటి ఉత్తరము చదివినప్పుడే నాకు భయము వేసెను, లోపల ఎక్కడో సంతోషము కూడ కలిగెను. కాని మూడవ కాగితము నిన్ననే పోస్టు చేసితిని. మొదలుపెట్టిన ప్రకటన మూడుసార్లు పూర్తి కావలెను గదా, మధ్యలో ఆపు వాడుక లేదు. నీ అభ్యంతరము మీ పెద్దబాబుకు తెలుపుము. అది చాలుననుకొందును.

రిచర్డ్ తల్లిగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

పెదనాన్న

*

ట్రాఫిక్, ఖరగ్‌పూర్
21 ఫిబ్రవరి, సోమవారం

చిట్టెమ్మ అత్త విషయంలో చేసిన తప్పే నా విషయంలో మళ్ళీ చేస్తున్నావు పెదనాన్నా. మూడు కాగితాలు పంపి, ఎవరు లేస్తారా అని ముందు బల్ల మీద కూర్చుని చూస్తున్నావు.

శామ్యూలు మాట తప్పు. నా వేళ్ళు నా బుర్ర కంటే ముందు పరిగెడతాయి. వాడికి చెప్పకు. రేవులో జాగ్రత్తగా ఉండమని చెప్పు. పెద్దమ్మకి ఆ ముక్క చదవకుండా దాటించినందుకు నీకు రుణపడి ఉన్నాను.

ఆ జోళ్ళు నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు రాయగడలో ఒకటి కాలికి తొడుక్కుని గదంతా తిరిగినాను. అత్త వచ్చి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. మళ్ళీ తనే కూర్చుని నా కాలికి రెండోది కూడా తొడిగింది. ఎందుకు కొట్టిందో, ఎందుకు తొడిగిందో ఇన్నాళ్ళు ఆలోచించినాను. ఇప్పుడు తెలిసింది.

నీ ఉత్తరం మామ్మకి చదివి వినిపించినాను. అత్త సంగతి వచ్చినప్పుడు ఆపెయ్యబోయాను. "సదువు" అంది. చదివినాను. తర్వాత అంది: "నాను ఆడోళ్ళ కాడ దాని పక్కనే కూకున్నాను. ఆ పిల్ల సెయ్యి నా సేతిలోనే ఉంది. రత్నం ఇటు తిరుగుతాడు, ఇప్పుడు తిరుగుతాడు అని ఇద్దరం ఆడి ఈపే సూసినాం." ఇది రాయమంది. రాసినాను.

నీ వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుచూసినారని నీకు తెలుసా?

మూడోది సెలవులైనాక ఇవాళ పొద్దున్న పోస్టులో వచ్చింది. వెనక ఏమీ లేదు, తెల్ల కాగితమే. పెద్దమ్మ కానుకలు అయిపోయినట్టున్నాయి, లేకపోతే నీకే మనసొప్పక కొత్తది తీసుకున్నావు. దాన్ని పట్టుకుని హల్దార్‌బాబు దగ్గరికి పోయినాను. మన చర్చిలో మూడు ప్రకటనల పద్ధతి ఆయనకి బెంగాలీలో చెప్పినాను, నాకొచ్చినంత. కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. "ఆరే, అంటే ఇవి మూడూ ప్రశ్నలా?" అన్నాడు. అవునన్నాను. "నేను మూడూ జవాబులనుకున్నాను" అని నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి అడిగినాడు: "మీ దగ్గర అభ్యంతరం ఎవరు చెప్పాలి? పిల్లే చెప్పొచ్చా?" ఎవరైనా చెప్పొచ్చు అన్నాను. "పిల్ల చెప్పింది, నేను విన్నాను. కానీ నా ఫైల్లో పిల్ల సంతకం కింద ఇంకొకరి సంతకం ఉంది. ఆయన చెబితే నేను అచ్చేస్తాను, జాబితాలో నీ పేరు పెడతాను. బి.ఏ. బాబుకి ఇంకో విభాగంలో చోటు చూస్తాను. చెప్పకపోతే 28న నా చేతిలో ఏమీ ఉండదు." మనిషి సూటిగా చెప్పినాడు. నాకు ఆయన మీద కోపం లేదు.

నువ్వు "నీ అభ్యంతరం చాలుననుకొందును" అన్నావు. చాలదు. నాది నేను మొదటి రోజే చెప్పినాను, గట్టిగా చెప్పినాను, పలాస దాకా వినపడేలా చెప్పినాను. చాలి ఉంటే ఇన్ని ఉత్తరాలు ఎందుకు? ఒకవేళ ఆఫీసులో చాలినా నాకు చాలదు. నేను గెలిస్తే నువ్వు వరండాలో కూర్చుని సంతోషపడతావు. ఓడితే వరండాలోనే కూర్చుని బాధపడతావు. రెండిట్లోనూ నువ్వు లేవవు.

రిచర్డ్ గారి మాట కూడా చెప్పేస్తాను. నేను ఆయన్ని కాదనలేదు, అవుననలేదు. ఆయనకి నోరుందో లేదో నాకింకా తెలీదు. మృదంగం వాయించేవాడికి చెవులు ఉంటాయి గనక ఒక మాట అడుగు: పని మానమన్నది ఆయనా, వాళ్ళ అమ్మా? ఆయనే అయితే ఫోటో తిరిగి పంపేస్తాను. వాళ్ళ అమ్మ అయితే, ఆయన్నే ఒక ఇన్‌లాండ్ లెటరు రాయమను. చేతిరాత చూస్తాను. ఫోటోలో నవ్వు ఎందుకు ఆపుకున్నాడో కూడా రాయమను. మామ్మ రోజూ అడుగుతోంది.

ఇప్పుడు మన పని.

26వ తారీకు షీటుకి స్టెన్సిల్ సగం కొట్టినాను. స్నాతకోత్సవం బాగా జరిగిందని, వచ్చినవాళ్ళకి కృతజ్ఞతలని ఒకటి. స్టాఫ్ క్లబ్బు నాటకం మార్చి అయిదుకి మారింది, అది ఒకటి. కుళాయి వేళలు మళ్ళీ పాతవే. గొడుగు సొంతదారు దొరికినాడు: మా హల్దార్‌బాబే! రెండు వారాలు తన గొడుగు గురించి తనే షీటులో వేసుకుని, చూసుకోలేదు. నువ్వు అడిగినావు గనక రాసినాను.

వాటి కింద నీ మూడో ప్రకటన కొట్టినాను. ఒక్క అక్షరం మార్చలేదు, దిద్దే మందు ముట్టుకోలేదు. దాని కింద రెండు వరసలు ఖాళీ వదిలినాను.

ఆ రెండు వరసలు నీవి.

పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు, తెలుగైనా చాలు, నేను ఇంగ్లీషులోకి మార్చుకుంటాను. "సూసన్న ఉద్యోగం మానడానికి నాకు అభ్యంతరం ఉంది." ఇంతే. కింద సంతకం, దాని కింద "సంరక్షకుడు". ఎందుకు అభ్యంతరమో రాయాలనుకుంటే నీ ఇష్టం, కాని రెండు వరసల కంటే ఎక్కువ పట్టదు. పోస్టులో పెట్టకు, అందదు. ఈ ఉత్తరం గణపతిరావు గారి చేతికే ఇస్తున్నాను. రేపు నీకు అందుతుంది. బుధవారం తిరుగు మెయిలు మీ స్టేషనులో ఆగినప్పుడు నువ్వే ప్లాట్‌ఫారం మీదకి వచ్చి ఆయన చేతికివ్వు. పెద్దమ్మని పంపకు. ఎవరి చేతా పంపకు. నువ్వు లేచి, నడిచి, ఇవ్వు.

గురువారం పొద్దున్నే నేను స్టేషనులో ఉంటాను. షీటు మధ్యాహ్నం మూడు గంటలకి మిషనెక్కాలి.

మూడోది చదివినాక పాస్టరుగారు ఆగినారని రాసినావు కదా. నేను కూడా చదివేసినాను పెదనాన్నా. ఇప్పుడు ఆగి ఉన్నాను. గురువారం, 24వ తారీకు, మూడు గంటల దాకా ఆగుతాను. ఈలోగా లేచి చెప్పు.

సూసన్న